ఖాళీ దొడ్డికి తాడు

రాయచెర్లు, మంగళవారం రాత్రి

పొద్దున చిన్నాయన గొర్రెలన్నీ అమ్మేశాడు. మేపే బీడంతా సోలార్ పలకల కిందికి పోయాక ఇంకెన్నాళ్లు తోలుకుని తిరుగుతాడు. లారీ మలుపు తిరిగేదాకా చూశాను. ఏమీ అనిపించలేదు.

సాయంత్రం నేను పనిచేసే బెంగళూరు ల్యాబ్ నుంచి మెసేజ్. నేను తయారుచేసిన శాంపిల్‌లో సిగ్నల్ కనిపించిందట. ఏళ్ల తరబడి ఎదురుచూసిన సిగ్నల్. దానికీ ఏమీ అనిపించలేదు. ఇంకా జవాబు రాయలేదు.

సిగ్నల్ సంగతి చెప్తే, "ఏందమ్మా అది?" అన్నాడు చిన్నాయన మంచం మీద నుంచే.

"మన దొడ్డి, పక్కింటి అంజినప్ప దొడ్డి మాదిరి రెండు పొరలు చిన్నాయనా. గ్రాఫీన్ అనే పొరలో ఎలక్ట్రాన్లు ఇడిసిన గొర్రెల మాదిరి ఉరుకుతాయి. రెండో పొరలో ఇరుక్కోని ఉంటాయి, పక్కదాన్ని చూడకుండా ఒక్కటీ కదల్దు. నడుమ కంచె ఉండాది. ఈడివి ఆడికి పోవు. అయినా ఈడ కదిలితే ఆడ తెలుస్తాది. దాన్నే నేను కొలిచేది."

"తెలుస్తాదిలే. వాళ్ల దొడ్లో నక్క దూరితే మనవి లేచి నిలబడ్తాండె గదా," అన్నాడు.

అన్నం తిన్నాం, పడుకున్నాం.

ఇందాక అంజినప్ప గొర్రెలు ఒక్కసారిగా బెదిరి అరిచాయి. చిన్నాయన చప్పున లేచి, కర్ర తీసుకుని మన దొడ్డి దాకా వెళ్లాడు. తడిక తీసి లోపల అంతా చూశాడు. మళ్లీ తడిక వేసి, తాడు గట్టిగా బిగించి వచ్చి పడుకున్నాడు.