వెనకనుంచి పడిన దెబ్బ

కోటిపల్లి,
ఆదివారం.

దుర్గా,

నువ్వూ, కడుపులో బిడ్డా కులాసాయే కదా? ఫోన్లో చెబితే కొవ్వూరులో మీ ఇంటిల్లిపాదీ వింటారని ఇలా రాస్తున్నాను. శుక్రవారం పొద్దున బుల్లబ్బాయి అన్నయ్యా నేనూ పడవని నీళ్లలోకి దింపుతున్నాం. ముందురోజే వలలు పంచుకునే దగ్గర మాటా మాటా అనుకున్నాం. అన్నయ్య పడవకి భుజం ఆనించి నెడుతున్నాడు. నేను పడవ నడిపే గెడ పట్టుకుని వెనకే ఉన్నాను. ఠప్పున చప్పుడైంది. అన్నయ్య మడమ పట్టుకుని బురదలో కూలబడ్డాడు. వెనక్కి తిరిగితే ఆయనకి నేనే కనిపించాను.

"గెడతో కొట్టేవేంట్రా, సొంత అన్నని!" అని రేవంతా వినేలా అరిచాడు.

నేను తాకనైనా లేదు దుర్గా. ఒట్టేసినా నమ్మలేదు. వీరవేణి వదిన నా మొహం చూడటం లేదు. నాన్న పోయాక నన్ను పెంచినవాడే అలా అన్నాక ఒకే పడవ ఎలా ఎక్కను? మండపేటలో రైసుమిల్లు పనికి మాట్లాడుకున్నాను. పురుడయ్యాక నిన్నూ అక్కడికే తీసుకెళ్తాను.

నీ చిట్టియ్య

కోటిపల్లి,
బుధవారం.

దుర్గా,

ఈరోజు చూసింది నీకు చెప్పకపోతే నిద్రపట్టదు. వాపు తగ్గలేదు, వదిన ఒక్కతే ఏం మోస్తుందని అన్నయ్యని నేనే ఎత్తి ఆటో ఎక్కించాను. కాకినాడ దాకా నాతో పలకలేదు.

ఎముకల డాక్టరు హేమశ్రీ గారు ఆయన్ని బోర్లా పడుకోబెట్టి మంచి కాలి పిక్క నొక్కారు. పాదం దానంతటదే కదిలింది. రెండోది నొక్కారు. కదల్లేదు.

"మడమ వెనక టెండన్, అంటే పిక్కని మడమ ఎముకకి కలిపే పట్టీ, తెగిందండి. ఈమధ్య మందులేమన్నా వాడారా?"

"ఛాతీలో నిమ్ము చేరిందని లెవోఫ్లాక్సాసిన్ బిళ్లలండి. ఆయాసానికి స్టెరాయిడ్ ఎప్పట్నించో ఉందండి," అంది వదిన.

"ఆ నిమ్ము బిళ్లలు చాలామందిని ఏమీ చేయవండి. వయసు పైబడినవాళ్లలో, స్టెరాయిడ్ వాడేవాళ్లలో మాత్రం ఒక్కోసారి టెండన్‌ని బలహీనం చేస్తాయి. మడమ ముందే నొప్పి పుట్టిందా?"

"రెండ్రోజులు పీకిందండి. పట్టించుకోలేదు," అన్నాడు అన్నయ్య. "మరి వెనకనించి నన్ను కొట్టిందెవరండి?" అన్నాడు.

"ఎవరూ కొట్టలేదండి. అది తెగినప్పుడు అచ్చం అలాగే అనిపిస్తుంది. చాలామంది వెనక్కి తిరిగి చూస్తారు."

ఛాతీ కోసం మింగిన బిళ్ల మడమ దాకా పోయిందట దుర్గా! ఇన్నేళ్లు పడవని నెట్టిన కాలు లోపల్లోపలే వదులైందట! స్కానింగ్ తెర మీద చూపించారు. సన్నటి పోగులు బారులుగా వచ్చి, ఒకచోట ఆగిపోయి, అంతా నలుపు. కొన్ని నెలలు కట్టులో ఉంచితే ఆ పోగులు మళ్లీ అల్లుకుంటాయన్నారు. అదింకా వింత. మన చేయి పడకుండానే లోపల ఎవరో నేస్తారన్నమాట. అన్నయ్య తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. బిళ్లలు మార్చి వేరే మందు రాశారు.

మిల్లుకి రానని కబురు చేశాను. ఎందుకంటావా? తిరుగు ప్రయాణంలో వదిన ఆ కట్టు కట్టిన కాలు ఒళ్లో పెట్టుకోబోతే, అన్నయ్య వద్దన్నాడు.

"తమ్ముడి ఒళ్లో పెట్టవే. వాడైతే కదలనివ్వడు."

ఇంటిదాకా రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాను దుర్గా.

నీ చిట్టియ్య