ఇమానం దిగీదాకా సీపురు

పూడిమడక, శుక్రవారం రాత్రి

మా సిన్నోడు ఇయ్యాల ఎక్కడో కొండల్లో ఒక సిన్న ఎయిర్‌పోర్టు నించి ఇంకో సిన్న ఎయిర్‌పోర్టుకి ఇమానంలో ఎల్లాలి. అక్కడ ఆడికి కొత్త వంతెన పని. రోడ్డు మీదయితే రోజంతా పడతాదంట, ఇమానంలో ముప్పావు గంటేనంట. అంత తొందరగా తీసుకెల్లిపోయీది ఎలాటి బండో!

మనోళ్లు సేపల ఏటకెల్తే బోటు ఒడ్డుకొచ్చీదాకా ఇల్లు తుడవం. ఇమానానికీ అదే పద్ధతని పెద్దకోడలు పైడమ్మకి ముందే సెప్పేను. అది ముప్పావు గంట సూసి సీపురు పట్టేసింది.

"ఈపాటికి దిగిపోయుంటాడత్తా. నీ కొడుకు సేపలకెల్లేడేటి?" అని నవ్వింది.

నాను అన్నం ముట్టలేదు.

సాయంత్రం ఆడే ఫోన్ సేసేడు. "మబ్బు పట్టేసిందమ్మా, ఇమానం లెగనేలేదు. రేపెల్తాను" అన్నాడు.

అంటే పైడమ్మ తుడిసినప్పుడు ఆడు నేల మీదే ఉన్నాడు. నూకాలమ్మ తల్లీ, బతికించేవు. కానీ రేపు ఎగరాలి కదా. ఆ మబ్బు రేపటికి పోతాదో లేదో...

సీపురు తెచ్చి నా మంచం కింద పెట్టుకున్నాను. దిగేనని ఆడి నోటితో ఇనీదాకా ఎవరికీ ఇవ్వను.