జయపాల్ మాస్టారి ఓపెనింగ్ బుక్

విశాఖపట్నం,
జూన్ 3.

పూజ్యులైన జయపాల్ మావయ్యకు వినీల వందనాలతో రాస్తున్నది.

ఫోన్లో మీకు సరిగా వినపడదు, ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకుంటారని ఇలా రాస్తున్నాను. మా ఆఫీసులో సరదాకి కంప్యూటర్లు పెట్టి చెస్ ప్రోగ్రాములు నడుపుతాం. ఒక ప్రోగ్రాం నాది, ఇంకొకటి కిరణ్ అని నాతో పనిచేసే ఆయనది. రెండూ పోటీ పడతాయి. బలంలో రెండూ సమానమే, తేడా అంతా ఓపెనింగ్ బుక్‌లోనే. మంచి పుస్తకం లేని ప్రోగ్రాం మొదట్లోనే తేలిపోతుంది. కిరణ్ పెద్ద పెద్ద ఆటగాళ్ల ఆటలు లక్ష పోగేసి బుక్ తయారుచేశాడు. నాకు మీ నోటుపుస్తకం గుర్తొచ్చింది. పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ ముప్పై ఏళ్లు ఆడిన చదరంగమంతా అందులో రాసిపెట్టారు కదా. అది పంపితే నా ప్రోగ్రాంకి అదే ఓపెనింగ్ బుక్.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు,
వినీల.

తా.క.: ఊళ్లో మాస్టారి చేతిరాతతో ప్రోగ్రాం ఏం నిలబడుతుందని కిరణ్ నవ్వాడు. అందుకే తప్పకుండా పంపండి.


రామచంద్రపురం,
జూన్ 9.

చిరంజీవి వినీలను ప్రభువు చల్లగా చూడాలని కోరుతూ మావయ్య రాస్తున్నది.

నీ ఉత్తరం నాలుగుసార్లు కాదు, ఏడుసార్లు చదివాను. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. రిటైరైన రోజున శాలువా కప్పి పంపారు గానీ, నా పుస్తకం సంగతి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నువ్వు దానికి ఓపెనింగ్ పెట్టి, ప్రోగ్రాం కూడా ఏర్పాటు చేస్తున్నావు. నోటుపుస్తకం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కంప్యూటర్లు ఎందుకో కూడా అర్థమైంది, నా పాత ఫొటోలు చూపించడానికి.

ఒక్కటే నచ్చలేదు. కిరణ్ గారు ఆయన పుస్తకానికి అదే రోజు పోటీ ప్రోగ్రాం పెట్టుకోవడం మర్యాద కాదు. వచ్చే జనం రెండు ముక్కలైపోతారు. మరో వారానికి మార్చుకోమను. అధ్యక్షులెవరో రాయి.

ఆశీస్సులతో,
జయపాల్.

తా.క.: పుస్తకానికి 'జయపాలీయం' అని పేరు పెడదామన్నాను. మీ అత్తయ్య సంపూర్ణమ్మ అన్నం వడ్డించడం ఆపి నావైపు చూసింది. ఇంకో పేరు ఆలోచిస్తున్నాను.


విశాఖపట్నం,
జూన్ 15.

ప్రియమైన మావయ్యకు వినీల నమస్కరించి రాస్తున్నది.

నోటుపుస్తకం అందింది. నూట పన్నెండు పేజీలూ కూర్చుని ఎక్కించాను. పేరు అక్కర్లేదు మావయ్యా, ప్రోగ్రాం లోపల ఉండే పుస్తకం బయటికి కనపడదు. అధ్యక్షులు కూడా ఉండరు. ప్రోగ్రాములు వాటంతట అవే నడుస్తాయి, మనం చూస్తూ కూర్చోవడమే. రోజు మార్చడం మాత్రం కుదరదు, రెండూ ఒకేసారి ఉంటేనే పోటీ. జూన్ 28 శనివారం, మా ఫ్లాట్లోనే. మొత్తం నలభై ఆటలు. మీరూ అత్తయ్యా వచ్చి చూస్తే నాకు చాలా సంతోషం.

మీ,
వినీల.

తా.క.: కిరణ్ ప్రోగ్రాం మనదాన్ని చావగొడుతుందని ఆఫీసంతా అంటున్నారు. ధైర్యం చేసుకుని రండి.


రామచంద్రపురం,
జూన్ 21.

చిరంజీవి వినీలకు మావయ్య దీవించి రాస్తున్నది.

అధ్యక్షుడు లేని సభనీ, పేరు లేని పుస్తకాన్నీ నేనెక్కడా చూడలేదు. సిటీ పద్ధతులు వేరై ఉండొచ్చు. అధ్యక్షుల్ని నేనే తెస్తున్నాను, మా పాస్టరు ఏసురాజు గారు ఒప్పుకున్నారు. చావగొట్టే సంగతి మాత్రం మనసుకి కష్టంగా ఉంది. చదువుకున్నవాళ్లు పుస్తకాల మీద కొట్టుకోవడమేంటి? రిటైర్డు హెడ్ కానిస్టేబులు పల్లంరాజు గారిని కూడా రమ్మన్నాను. పాత లాఠీ ఇంట్లోనే ఉందట. మొత్తం పద్దెనిమిది మందిమి, వ్యాను మాట్లాడాం. నలభై రకాల ఆటల పోటీలు కూడా పెట్టావు కాబట్టి బహుమతులకి స్టీలు గిన్నెలు తెస్తున్నాం.

ఆశీస్సులతో,
జయపాల్.

తా.క.: కరపత్రాలు మూడు వందలు అచ్చేయించి పంచాను. మీ ఫ్లాటు నంబరు పెద్దక్షరాల్లో వేయించాను.


విశాఖపట్నం,
జూలై 1.

ప్రియమైన మావయ్యకు వినీల ప్రేమతో రాస్తున్నది.

మీ ఉత్తరం శనివారం ఉదయం తొమ్మిదిన్నరకి అందింది. మీ వ్యాను తొమ్మిదీ ముప్పావుకి వచ్చింది.

అది పుస్తకావిష్కరణ కాదని, ప్రోగ్రాం అంటే చెస్ ఆడే కంప్యూటరని, ఓపెనింగ్ బుక్ అంటే దానికి నేర్పే మొదటి ఎత్తులని చెప్పినప్పుడు మీరు ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. తర్వాత, "అయితే ఇప్పుడు నా ఎత్తులే ఆడతాయా?" అని అడిగి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. సాయంత్రం దాకా లేవలేదు.

ఏసురాజు గారు ప్రార్థనలో కిరణ్ కంప్యూటర్ని కూడా కలిపారు. పల్లంరాజు గారు లాఠీతో తన పక్కనే కూర్చోవడం వల్ల కిరణ్ మంచినీళ్లకి కూడా అనుమతి అడిగి లేచాడు. భోజనాల వేళకి మనం మూడు పాయింట్లు వెనక. ఆ తర్వాత కదా ముప్పై ఒకటో పేజీ పైకొచ్చింది! ఏడో ఎత్తులో బంటుని ఊరికే వదిలేసే ఆట. ఒకసారి గెలిచేసరికి ప్రోగ్రాం దాన్నే పట్టుకుంది. లక్ష ఆటల పుస్తకంలో దానికి జవాబు లేదు. చివరికి మనకి ఇరవయ్యిన్నర, వాళ్లకి పంతొమ్మిదిన్నర. కిరణ్ లేచి నిలబడి, "మాస్టారూ, ఇది మీకెలా తట్టిందండి?" అని అడిగితే మీరు చిన్నగా నవ్వి ఊరుకున్నారు. అంత వినయం మా ఆఫీసులో ఎవరికీ లేదు. అప్పుడు మీరు ఆ కాగితం తీసి ఉపన్యాసం చదువుతుంటే, ఈయన మా మావయ్య అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

మీ,
వినీల.

తా.క.: కరపత్రం చూసి పక్క వీధి నుంచి ఇద్దరు వచ్చారు. కుర్చీలాట ఎప్పుడని అడిగి, ఒక గిన్నె పట్టుకెళ్లారు.


రామచంద్రపురం,
జూలై 7.

చిరంజీవి వినీలకు మావయ్య రాస్తున్నది.

నేను నవ్వింది వినయం వల్ల కాదమ్మా. ఆ ఎత్తు నాకెలా తట్టిందో నాకే గుర్తు రాలేదు. వ్యాను తుని దాటాక మీ అత్తయ్యతో అదే అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే చెప్పింది.

"ఆ పేజీ నాదండి."

ఒక ఏడాది నేను టైఫాయిడ్‌తో రెండు నెలలు మంచం పట్టాను. అవతలివాళ్ల కార్డులు వస్తూనే ఉన్నాయి. గడువు దాటితే నేను ఓడినట్టే. రోజూ నా వెనక నిలబడి చూసి నేర్చుకున్న ఆటతో, తనే ఆలోచించి జవాబులు రాసింది. పుస్తకంలోనూ ఎక్కించింది. బడి మార్కుల పట్టికలు నా బదులు తనే నా రాతలా రాసేది కాబట్టి ఇద్దరి చేతిరాతా ఒకటే. లేచాక చూసి, జ్వరంలో నేనే వేసి ఉంటాననుకున్నాను. ఒళ్లు కాలిపోతుండగా కూడా అంత గొప్పగా ఆడానని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్నాను.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలేదండి అంది.

నిన్న ఆరాధన అయ్యాక లేచి సంఘం అందరి ముందూ ఈ సంగతి చెప్పాను. ముందు తల వంచుకుంది. చప్పట్లు ఆగకపోయేసరికి తలెత్తి, అందరివైపూ తిరిగి దణ్ణం పెట్టింది. పాతికమంది పిల్లలకి స్టేట్ ర్యాంకులు వచ్చినప్పుడు కూడా నా ఛాతీ అంత పొంగలేదు. కిరణ్ గారికి నువ్వే చెప్పు. ఆయన నిలబడి అడిగిన ప్రశ్న మీ అత్తయ్యకి చెందాలి.

ఆశీస్సులతో,
సంపూర్ణమ్మ గారి భర్త,
జయపాల్.

తా.క.: మూడు రోజులుగా మీ అత్తయ్యతో ఆడుతున్నాను. ఐదు ఆటలయ్యాయి. అందులో ఒకటి డ్రా చేశానని గర్వంగా తెలియజేస్తున్నాను.