నిలబడితేనే కనిపించే గడ్డ

మార్చి 11, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మీ బావ, నీ మేనకోడలు క్షేమం. మరదలినీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ ఉత్తరం నీ మేనకోడలి చేతికిచ్చి పంపుతున్నాను.

ఆపరేషన్ అయిపోయింది. ఇంట్లోనే ఉన్నాను. నువ్వు చెప్పిన ఆపరేషన్ మాత్రం కాదు.

గజ్జలో గడ్డ ఉందని మొదటిసారి చెప్పినప్పుడు పడుకోమన్నావు. బట్ట మీదనుంచే రెండు వేళ్లతో నొక్కి, ఏమీ లేదన్నావు. కుట్టుపనికి బట్టలు కత్తిరించే బల్ల దగ్గర నిలబడితే ఉబ్బుతుంది, పడుకుంటే పోతుంది అని చెప్పాను. అందరి ముందూ నవ్వావు. అక్క గడ్డకి డాక్టరంటే భయం, నన్ను చూసి దాక్కుంటోంది అన్నావు. మీ బావ కూడా నవ్వాడు.

మళ్లీ అడిగితే ఈసారి చెయ్యి కూడా వెయ్యకుండా హెర్నియా, పేగు జారింది అన్నావు. చిన్న కోత, నీ స్నేహితుడు చేసేస్తాడన్నావు. తీరా నీ స్నేహితుడి ఆస్పత్రికి వెళ్తే ఆయన సెలవు. ఆయన బదులు వచ్చిన సర్జనమ్మ నన్ను మంచం దిగి నిలబడమంది. గడ్డ పైకొచ్చింది. వేలితో నొక్కితే అణిగింది, తీస్తే మళ్లీ నిండింది. ఆపరేషన్ ఆపేసి స్కానింగ్‌కి పంపింది.

అది పేగు కాదురా. కాలి నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే తొడ సిర. దాని గోడ పలచబడి నిమ్మకాయంత బుడగలా ఉబ్బింది. లోపల రక్తం గడ్డకట్టి ఉంది. ముక్క ఊడితే ఊపిరితిత్తుల్లోకి పోయేదట. హెర్నియా అనుకుని కోసి ఉంటే రక్తం ఆగేది కాదట. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కూడా నీకు చెప్పాను. బరువు తగ్గమన్నావు.

ఉబ్బిన భాగం కత్తిరించి, వదులు చొక్కాకి పక్క కుట్టు వేసినట్టు సిరను సరిచేశారు.

ఇది చాలా అరుదట. ఆవిడ కూడా ఇంతకుముందు ఒక్కటే చూసిందట. కాబట్టి జబ్బు పేరు తెలియలేదని నిన్ను తిట్టను. అక్కా, ఒకసారి లేచి నిలబడు అనలేదు చూడు, అందుకు తిడుతున్నాను. తోడబుట్టినవాడివి, మొహమాటపడ్డావు అనుకుందాం. అలాంటప్పుడు నా వల్ల కాదు, ఇంకొకరికి చూపించుకో అనాలి. ఇంట్లో డాక్టరుండగా బయటికెందుకని నన్ను ఆపింది నువ్వే. మీ ఆస్పత్రి వరుసలో నిలబడే ముక్కూ మొహం తెలియని మనిషికి దక్కే చూపు నీ అక్కకి దక్కలేదు.

ఇకమీదట నా ఒంటి సంగతులు నీకు చెప్పను. పరామర్శకి రావద్దు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఆపరేషన్ అయిపోయిందని రాసింది అబద్ధం. రేపు పొద్దున్న. ఇప్పుడు వార్డులోనే ఉన్నాను, రక్తం గడ్డకట్టకుండా చేతికి మందు ఎక్కుతోంది. నిజం రాస్తే పరుగెత్తుకొచ్చి సర్జనమ్మకి పాఠాలు చెబుతావని అలా రాశాను. సిర లోపలి రక్తపు గడ్డ కదిలితే ప్రాణం మీదికి రావచ్చని ఆవిడ దాచకుండా చెప్పింది. మీ బావకి ఆ మాట చెప్పలేదు, తట్టుకోలేడు. ఆపరేషన్ వేళ బయట కూర్చోడానికి గట్టి మనిషి ఎవరున్నారని సర్జనమ్మ అడిగితే తమ్ముడు వస్తాడన్నాను. రా. వచ్చాక డాక్టర్నని ఎవరితోనూ అనకు.