మైనం మీద అతికించిన టైల్స్

ఎర్సీలియా అక్కా, వంటింట్లో ఊడిన టైల్స్ అన్నీ ఎత్తి గోడవారన పెట్టు. కింది చెక్కను ఉత్త చెక్క కనబడేదాకా గీకు. కిర్రుమన్న చోటల్లా మేకులు కాదు, స్క్రూలు బిగించు. పైన ప్లైవుడ్ నేనొచ్చాక పరుస్తాను. మన చిలోయే దీవి వానలకి చెక్క ఉబ్బుతుంది కాబట్టి గోడల దగ్గర కాస్త సందు వదలాలి.

పొద్దున ఒక టైలు తిరగేసి చూశాను. జిగురంతా దాని వీపునే ఉంది. అది పట్టుకున్నది చెక్కను కాదు, అమ్మ నలభై ఏళ్ళు ప్రతి శనివారం నేల మెరుపు కోసం రుద్దిన మైనాన్ని. "ముందా మైనం గీకరా" అని నేను టైల్స్ అతికిస్తున్నప్పుడు నువ్వు చెబుతూనే ఉన్నావు. "నువ్వెళ్ళి బంగాళదుంపలు ఒలుచుకో" అన్నాను. పైగా అవి ఊడాక, ఆదివారం భోజనాల దగ్గర "మా అక్క అడుగేస్తే పడవే ఒరుగుతుంది, టైల్స్ ఒక లెక్కా" అని అందరినీ నవ్వించాను. నువ్వూ నవ్వావు. అప్పట్నుంచి ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తున్నావు. తప్పు నాదే అక్కా.

పడవ వచ్చేసింది. సాల్మన్ చేపల వలల పని నుంచి పదిహేను రోజులకి వస్తాను.

నోల్బెర్తో

మరిచాను. నేల ఎక్కడ కిర్రుమంటుందో తెలియాలంటే ఇల్లంతా గట్టిగా అడుగులేస్తూ నడవాలి. గట్టిగానే నడువు.