ఒక్క రోజు నింపకపోతే

కార్క్, ఐర్లాండ్,
ఆదివారం.

అక్కకి నమస్కారాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు రోజూ నడుస్తున్నారా? మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. అలా అంటే నువ్వు నమ్మవు, అయినా రాస్తున్నాను. పది రోజులుగా ఒకటే ముసురు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది, చారుతో సరిపెట్టుకుంటున్నాం.

ఈ కవరులో ఒక ఫారం ఉంది. గుంటూరు ఆసుపత్రిలో ఆరేళ్ళుగా ద్రవ నత్రజని చలిలో దాచిన మా పిండం ఒక్కటే మిగిలింది కదా. ఇక ఉంచవద్దని ఇద్దరం సంతకాలు పెట్టాం. నా గర్భసంచి తీసేశాక కూడా ఇంకో ఏడాది ఉంచమన్నాను. ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు.

నా ఉద్యోగమేమిటో నీకు అంతుపట్టదంటావు. మా ల్యాబులో ఒక అయస్కాంతాన్ని విపరీతమైన చలిలో ఉంచాలి. అందుకు అందరూ వాడే హీలియం దొరకడం కష్టమైపోయింది. మేం నత్రజనితోనే ఆ పని కానిస్తున్నాం. అది గాలి నుంచే తీస్తారు కాబట్టి కొరత లేదు. కాకపోతే ఆవిరైపోతుంటుంది, రోజూ నింపాలి. ఆ నింపే పని నాది.

మొన్న మంగళవారం ఈ ఫారం మీద సంతకం పెట్టి పనికి వెళ్ళి, నింపడం మరిచిపోయాను. మధ్యాహ్నానికి అయస్కాంతం వేడెక్కి ఆగిపోయింది. నాతో పనిచేసే ఐరిష్ పెద్దాయన కోప్పడలేదు. "ఇట్స్ గ్రాండ్, ఏం ఫరవాలేదు, మళ్ళీ నింపితే సరి," అన్నాడు. నింపాం. మర్నాటికి ఎప్పటిలాగే పనిచేసింది. నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. గుంటూరులో ఒకసారి బయటికి తీస్తే మళ్ళీ నింపడమంటూ ఉండదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంటికొచ్చి, "ఫారం చింపేద్దామా?" అని ఆయన్ని అడిగాను. బట్టలు మడతపెడుతున్నారు.

"నీ ఇష్టం. కానీ గుంటూరులో నింపారో లేదోనని నువ్వు రోజూ పొద్దున్నే బెంగపడతావు. అది నేను చూడలేకపోతున్నా," అన్నారు.

నా బెంగ ఆయనకి తెలుసని నాకు తెలియదు.

అక్కా, ఫారం నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. ఒక్కదానివే వెళ్ళకు, బావగారిని తోడు తీసుకెళ్ళు. చూపించమని అడగకు. తెల్లటి పొగ తప్ప కంటికేమీ కనిపించదు. నువ్వు పాత చీరలతో కుట్టిన చిన్న బొంత బీరువా అడుగున ఉంది. తిరిగి పంపుదామనుకున్నాను, చేతులు రాలేదు. నా దగ్గరే ఉండనీ.

బావగారికి నమస్కారాలు. పెద్దమ్మాయిని అడిగానని చెప్పు. నీ ప్రతి ఉత్తరం చివరా 'పిల్లాపాపలతో సుఖంగా ఉండండి' అని దీవిస్తావు. ఈసారి ఆ మొదటి మాట రాయకు అక్కా. మిగతాది రాయి.

నీ చెల్లి,
వాసంతి