గోడ మీది పడవ

మంగళవారం, న్యూయార్క్

మా ఆవిడ సరళ చివరి రోజు ఉదయం తనూ నేనూ ఆసుపత్రికి సబ్‌వేలోనే వెళ్లాం. మా స్టేషన్ గోడ మీద టైల్స్‌తో పేర్చిన పడవ బొమ్మ చూపించి, "వందేళ్ల కిందట ఇంగ్లిష్ చదవలేనివాళ్లు స్టేషన్ గుర్తుపట్టడానికి పెట్టారటండీ. మీ ఎమ్మెస్సీకి అక్కర్లేదులెండి" అని నవ్వింది. సాయంత్రానికి తను లేదు.

ఈ రోజు తిరిగివస్తుంటే మా స్టేషన్ పేరు గుర్తు రాలేదు. బోర్డులు చదువుతూనే ఉన్నాను, ఏది మాదో తెలియలేదు. పడవ కనబడితే దిగాను. ఈ నెలలో ఇది రెండోసారి.

"ఏంటి నాన్నా, ఇంత లేటు?" అని అమ్మాయి ఫోన్.

"ట్రైన్ డిలే అమ్మా" అన్నాను.

నిజం చెబితే ఒంటరిగా ఉండనివ్వదు. చెప్పకపోతే, ఏదో ఒకరోజు ఆ పడవ కూడా గుర్తు రాకపోతే? భయంగా ఉంది.

రేపు పొద్దున అమ్మాయి ఆఫీస్‌కి బయలుదేరకముందే ఫోన్ చేసి చెప్పేస్తాను.